ఎనిమిది ఫొటోల రీలులో తొమ్మిదోది

జూన్ 3

అక్కా,

పార్సిలు విప్పే ముందు ఈ ఉత్తరం చదువు. లోపల ఉన్నది నాన్న మడత కెమెరా.

ఇక్కడి కాలేజీలో ఫొటోగ్రఫీ చెప్పే మేడమ్ కళ్ళద్దాలు నా దగ్గరే చేయించుకుంటుంది. మొన్న ఆవిడ ఫ్రేములో అద్దాలు బిగిస్తుంటే అలమర పైనున్న కెమెరా పెట్టె మీద ఆవిడ కన్ను పడింది. వాళ్ళ కాలేజీలో పాత కెమెరాల కోసం ఒక గాజు బీరువా ఉందట. "మాకివ్వండి. ఊరికే బొమ్మలా పెట్టను, పిల్లలకి తెరిచి చూపిస్తాను. పనిచేస్తుందని రుజువుగా ఒక రీలు తీసి మరీ ఇవ్వండి" అంది. సరేనన్నాను. వచ్చే నెలాఖరు దాకా గడువు. మన పిల్లల్ని ముందే అడిగాను. ఒకరు "దీనికి చార్జరు ఎక్కడ పెట్టాలి?" అన్నారు. ఇంకెవర్నీ అడగలేదు.

కెమెరా పరిస్థితి ఇది. మీట నొక్కితే ముందు తలుపు వాలి బల్లలా నిలబడుతోంది. లెన్సు పట్టుకుని లాగితే పట్టాల మీద జారి టక్కున ఆగుతోంది. లెన్సు మీద గీతలు లేవు. షట్టరు మూడు వేగాలూ పలుకుతోంది. ‘బి’ మీద పెడితే నొక్కినంతసేపూ తెరుచుకునే ఉంటోంది. దూరం చూపే ముల్లు ఆరడుగుల నుంచి వంద దాకా హాయిగా తిరుగుతోంది. పోయింది తిత్తి ఒక్కటే. లెన్సుకీ పెట్టెకీ మధ్య కొలిమి తిత్తిలా మడతలు పడే నల్లతోలు ఉంది చూడు, దాని మూలలన్నీ చిల్లులు. గది తలుపులు వేసి లోపల టార్చి పెట్టి చూస్తే పదకొండు చుక్కలు వెలిగాయి. ఒక్క చుక్క చాలు, ఫిల్ము అంతా పొగపట్టినట్టు అవుతుంది.

తోలు పని నీది. సంచులు కుట్టే చేతికి ఇదో లెక్క కాదు. జాగ్రత్త, అతుకు మందమైతే తలుపు మూసుకోదు. జాగ్రత్త, లెన్సు మీద జిగురు పడకూడదు.

ఫోన్ చెయ్యకు. నా ఎడమ చెవి అలాగే ఉంది. కుడిది దాన్ని చూసి నేర్చుకుంటోంది.

చిన్నోడు

వదినా, కాగితం మీద ‘జాగ్రత్త’ రెండుసార్లే ఉంది. పార్సిలు కడుతూ నోటితో ఇరవైసార్లు అన్నారు. — మీ మరదలు


జూన్ 8

ఒరే చిన్నోడా,

నువ్వు పంపింది చేరింది. నాలుగు పొరల దూది, రెండు తువ్వాళ్ళు, మధ్యలో కెమెరా. తువ్వాళ్ళు తిరిగి పంపను, బాగున్నాయి.

చిల్లులు పదకొండు కాదు, పద్నాలుగు. నీ టార్చిలో బ్యాటరీ మార్చు. చేతితొడుగులకి వాడే పల్చటి మేకతోలు ఉంటే, దాన్ని ఇంకా చెక్కి కాగితమంత చేసి లోపలి వైపు అంటించాను. రెండు రోజులు మడత పెట్టి బరువు ఉంచాను. తలుపు మూసుకుంటోంది. జిగురు లెన్సు మీదే కాదు, నా వేళ్ళ మీద కూడా పడలేదు.

ఇక అసలు విషయం. ఈ కెమెరా నా చేతికి వచ్చి నలభై మూడేళ్ళయింది. ఎందుకో నీకు తెలుసు. అమ్మ తన జన్మలో ఒక్కసారే కెమెరా ముందు నిలబడింది. వాకిట్లో, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ. ఆ ఫొటో తీసింది నేను. కడిగించి తెస్తే అమ్మ మొహం మీద పక్కింటి సైకిలు చక్రం. ఆ సైకిలు ఫొటో తీసింది నువ్వు, అదే ఫ్రేము మీద. నాన్న నిన్ను పల్లెత్తు మాట అనలేదు. "నీకు పరధ్యానం ఎక్కువ, ఇంక దీన్ని ముట్టుకోకు" అని నాతో అన్నాడు. ముట్టుకోలేదు. అమ్మేమో "నా మొహం కంటే చక్రమే బాగుంది" అని నవ్వేసింది. మళ్ళీ నిలబడమంటే నిలబడలేదు. ఆ ఇంట్లో నవ్వనిది నేనొక్కదాన్నే.

బజార్లో నన్నేమంటారో తెలుసా? ‘కుట్టు తప్పని ఆవిడ’ అంటారు. ఇన్నేళ్ళలో నా సంచి తెగిందని ఒక్కరూ తిరిగి రాలేదు. నన్ను పరధ్యానం మనిషి అన్నది మన ఇంట్లోనే, అదీ ఆ ఒక్క ఫొటో వల్ల.

కాబట్టి ఆ రీలు ఇద్దరం తీద్దాం. ఎనిమిదిలో మొదటి నాలుగు నావి, తర్వాతి నాలుగు నీవి. కెమెరా గాజు బీరువాలోకి పోయేలోపు నా చేత్తో నాలుగు శుభ్రమైన ఫొటోలు రావాలి. నాన్న లేడు, చూడడు. నువ్వు చూస్తే చాలు.

ఫిల్ము పంపు. జాగ్రత్తలు పంపకు.

అక్క


జూన్ 12

అక్కా,

ఫిల్ము పంపుతున్నాను. మేడమ్ ఇచ్చింది, నలుపు తెలుపు. ఒక్కటే ఉంది.

ఆ మాట వాడను. గుర్తుచేస్తాను, అంతే. ఫిల్ము వెనకున్న కాగితం మొనని ఖాళీ కండె చీలికలో దూర్చి వెనక తలుపు మూసెయ్. ఆ తలుపు మీది చిన్న ఎర్ర కిటికీ మూత జరిపి, అందులోంచి చూస్తూ పైనున్న పిడి తిప్పు. ముందు చుక్కలు వస్తాయి, తర్వాత 1 వస్తుంది. అక్కడ ఆపు. ఇప్పటి కెమెరాలు తిప్పకపోతే నొక్కనివ్వవు. ఇది అలా కాదు. ఒకే ఫ్రేము మీద పదిసార్లు నొక్కినా పదిసార్లూ టక్‌మంటుంది. అడ్డు చెప్పే అలవాటు దానికి లేదు. అందుకని తిప్పడం మాత్రం... సరే, రాయను.

మేడమ్ ఇంకోటి అడిగింది. బీరువాలో చీటీ పక్కన పెట్టడానికి, కెమెరా వాడిన అక్కాతమ్ముళ్ళ ఫొటో కావాలంది. ఆల్బమ్ రెండుసార్లు తిరగేశాను. మనిద్దరం కలిసి ఉన్నది ఒక్కటీ లేదు. నువ్వున్నవి నేను తీసినవి. నేనున్నవి నువ్వు తీసినవి. నాన్న ఇంట్లో మనుషుల్ని తీసేవాడే కాదు. రోడ్ల ఆఫీసు కొలతల గుమాస్తాకి మోరీలూ వంతెనలూ తప్ప ఏం కనపడతాయి? ఆల్బమ్‌లో సగం అవే. కింద కొలతలు కూడా రాసి పెట్టాడు.

మనం కలిసి ఆరేళ్ళయిందని మీ మరదలు లెక్క చెప్పింది. నా మోకాలు బస్సు మెట్లు ఎక్కనివ్వదు. నీ షాపుకి సెలవు లేదు. కాబట్టి మేడమ్‌కి లేదని చెప్పేశాను.

చిన్నోడు


జూన్ 18

చిన్నోడా,

నా వంతు అయింది. కెమెరా మూసి పంపుతున్నాను. మిగతావి నీవి. షాపులో ఇద్దరు నిలబడి ఉన్నారు, ఒకావిడ జిప్పు పట్టుకుని నన్నే చూస్తోంది. వివరంగా తర్వాత రాస్తాను.

అక్క


జూన్ 23

అక్కా,

నీ మనసు ఇంత పెద్దదని అనుకోలేదు. చిన్నప్పుడు బిస్కెట్టు విరిస్తే పెద్ద ముక్క నీ వైపే వెళ్ళేది. ఇప్పుడు మూడు ఫొటోలతో సరిపెట్టుకుని నాలుగోది నాకు వదిలావు. పార్సిలు విప్పి, ఎర్ర కిటికీలో 4 చూసి మీ మరదల్ని పిలిచి చూపించాను. "అడగండి, ఏదో పొరపాటు అయి ఉంటుంది" అంది. ఆవిడకి మన ఇంటి మంచితనం మీద ఎప్పుడూ అనుమానమే.

నేను ఐదు తీశాను. 4, నేనే. కళ్ళు పరీక్ష చేసే గదిలో, రోజూ వేరేవాళ్ళని కూర్చోబెట్టే కుర్చీలో మొదటిసారి నేను కూర్చున్నాను. చీకటి గది కదా, షట్టరు ‘బి’ మీద పెట్టి కెమెరాని బల్ల మీద ఉంచాను. మీ మరదలు నొక్కి పట్టుకుని మూడు లెక్కపెట్టింది. గోడమీది అక్షరాల చార్టు కూడా పడాలని నేను బాగా ఒక పక్కకి జరిగాను. 5, మీ మరదలు, నవ్వనని ఒట్టు పెట్టుకుని నవ్వింది. 6, షాపు ముందు బస్సు స్టాపు. 7, ట్రేలో లెన్సులు, ఆరడుగుల కంటే దగ్గరికి రాదని తెలిసినా ఆశపడ్డాను. 8, కొత్త కళ్ళద్దాలతో మేడమ్. చివరిదాకా చుట్టి రీలు ఆవిడకే ఇచ్చాను. కాలేజీ డార్క్‌రూములో కడిగిస్తుంది.

నీ అతుకులు చూశాను. టార్చి పెట్టి వెతికాను, ఒక్క చుక్క లేదు. బ్యాటరీ కొత్తది.

నీ మూడు ఏమిటో రాయి.

చిన్నోడు


జూన్ 26

ఒరే,

నేనెవరికీ ఏమీ వదల్లేదు. బిస్కెట్టు పెద్ద ముక్క ఇప్పుడైనా నాదే.

నాలుగు తీశాను. చదువుకో. 1, నా బల్ల, దాని మీద కత్తెరలు, తోలు పొడిచే ఆరెలు, పొడవు వరసలో. 2, మా పోస్టుమాన్, భుజాన నేను కుట్టిన సంచి. పందొమ్మిదేళ్ళ సంచి అది, అతుకు లేదు. 3, మిషను మీద పిల్లి. సెకనులో ఇరవై ఐదో వంతు కదలకుండా ఉంది, దానికి అదే రికార్డు. 4, నేను. సంచి భుజాన వేసుకుని చూసుకోవడానికి షాపులో నిలువుటద్దం ఉందిగా, దాని ముందు ఏప్రన్‌తో నిలబడి నా బొమ్మ నేనే తీసుకున్నాను. కెమెరాని పొట్ట దగ్గర పట్టుకుని ఆ అగ్గిపెట్టెంత వ్యూఫైండర్‌లోకి తొంగిచూడాలి. అందులో కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. మధ్యకి రావాలని జరిగినకొద్దీ అంచుకి పోయాను. చివరికి విసుగొచ్చి అంచులోనే నొక్కేశాను. అద్దంలో నా వెనక షాపంతా చీకటి. అయినా బాగా వచ్చి ఉంటుందని నా నమ్మకం. ఉండేది, అనాలి ఇప్పుడు.

నాలుగూ ఐదూ ఎంతరా? తొమ్మిది. రీలులో ఎన్ని? ఎనిమిది.

కిటికీలో 4 కనిపించింది. మరి నొక్కే ముందు తిప్పలేదేం? అమ్మ మీద సైకిలు ఎక్కించింది చాలదా, ఇప్పుడు నా మీద కుర్చీ వేసుకుని కూర్చున్నావా?

అక్క


జూన్ 29

అక్కా,

తిప్పలేదేమని నన్నడుగుతున్నావా? తీసిన వెంటనే తిప్పాల్సింది ఎవరు? కెమెరా నా చేతికి వచ్చినప్పుడు కిటికీలో ఉన్న అంకె అంటే ఇంకా తీయని ఫొటో. నేను ఎప్పుడూ అలాగే చేశాను. నొక్కడం, వెంటనే తిప్పడం. మిగతా ఐదూ చక్కగా వచ్చి ఉంటాయి, చూడు.

నువ్వు మళ్ళీ మరిచిపోయావు, అంతే. పోనీలే. మేడమ్‌కి చెప్పను. కెమెరా పాతదయిపోయి తప్పు చేసిందంటాను.

చిన్నోడు

వదినా, ఆ ‘పోనీలే’ కొట్టేయమని చెప్పాను. ‘మరిచిపోయావు’ కూడా కొట్టేయమన్నాను. వినిపించలేదన్నారు. ఈయన చెవి అవసరాన్ని బట్టి పనిచేస్తుంది.


జూలై 2

తమ్ముడూ,

ఈసారి ‘ఒరే’ అనడం లేదు. గమనించు.

నాకు పదమూడేళ్ళప్పుడు నాన్న నన్ను మేడ మెట్ల మీద కూర్చోబెట్టి ఈ కెమెరా నేర్పాడు. ఏ మాటలన్నాడో చెప్పమంటే ఈరోజుకీ చెబుతాను. "మూసి ఉన్న తిత్తిని తెరిస్తే లోపలికి గాలి పీలుస్తుంది. ఆ ఊపుకి ఫిల్ము ముందుకు ఉబ్బుతుంది. అందుకని ముందు తెరువు, తర్వాత తిప్పు. ఫిల్ము బిగుస్తుంది. అప్పుడు నొక్కు. నొక్కాక తిప్పకు." తెరువు, తిప్పు, నొక్కు. ఆ మూడూ ఆ వరసలోనే చేస్తాను. చేతికి అలవాటైన పని, కుట్టు లాగే. తీసిన వెంటనే ఎప్పుడూ తిప్పలేదు. నాకెవరూ చెప్పలేదు.

అమ్మని తీసిన రోజు తెరిచాను, తిప్పాను, నొక్కాను, మూసి బల్ల మీద పెట్టాను. పోయిన నెల పద్దెనిమిదిన కూడా అదే చేశాను. మొన్న మరిచిపోలేదు. ఆనాడూ మరిచిపోలేదు.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటావేమో. ఫొటో చేతిలో పెట్టుకుని "తీశాక తిప్పలేదా?" అని నాన్న అడిగాడు. "లేదు" అన్నాను. అది నిజం. ఇంకో ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

మరదలికి నా తరఫున ఒక తువ్వాలు బాకీ ఉన్నానని చెప్పు.

అక్క


జూలై 7

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే వంతెన గుర్తొచ్చింది.

నీకు ఈ సంగతి తెలియదు. నువ్వు అప్పుడు కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్ళి హాస్టల్లో ఉన్నావు. నాన్న పెద్ద ఇంజనీరు ఫొటో ఒకటి తీసి, సాయంత్రం వంతెన దగ్గరికి వెళ్ళి దాన్నీ తీశాడు. మధ్యలో తిప్పలేదు. కడిగిస్తే ఇంజనీరు కడుపులోంచి వంతెన పోతోంది, దాని మీద ఒక గేదె నడుస్తోంది. చూసుకోకుండా ఫైల్లో పెట్టి పంపాడు. ఆఫీసంతా ఒక వారం నవ్వింది, ఇంజనీరు తప్ప. నాన్నకి సంజాయిషీ మెమో వచ్చింది. నాకు ఇది చిన్నప్పటి నుంచీ నవ్వుకునే కథ మాత్రమే.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నాన్న నాకు కెమెరా నేర్పాడు. "తీసిన వెంటనే తిప్పు. ఇంకేదైనా మరిచిపో, ఇది మాత్రం మరవకు" అన్నాడు. తిత్తి గాలి పీల్చడం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మెమో తర్వాత తన పద్ధతి మార్చుకున్నాడు. మార్చుకున్నట్టు నీకు చెప్పడం మరిచిపోయాడు. అంతకుముందు నీకు ఇంకోలా నేర్పినట్టు తనే మరిచిపోయాడు.

నువ్వు ముందు తిప్పే మనిషివి. నేను తర్వాత తిప్పే మనిషిని. విడివిడిగా ఎవరి రీలూ పాడవదు. నీ తర్వాత నేను ముట్టుకుంటే మాత్రం మధ్యలో ఎవరూ తిప్పరు. అమ్మ విషయంలో జరిగింది అదే. నీది పరధ్యానం కాదు. నలభై మూడేళ్ళు నేను కూడా అదే అనుకున్నాను, నవ్వుతూ నలుగురికీ చెప్పాను కూడా. తప్పు నాది. ‘పోనీలే’ ఉన్న ఆ కాగితం చించెయ్.

మీ మరదలు ఇది చదివి "అడగమన్నాను కదా" అంది. ఈ ఇంట్లో ఇక ఆ మాట వింటూనే బతకాలి.

ఇప్పుడు కవరు అడుగున ఉన్న అట్ట మధ్యలోంచి ఫొటో తియ్యి. నాలుగో ఫ్రేము. మేడమ్ కాలేజీ నుంచి స్వయంగా తెచ్చింది. "ఇది ఎలా చేశారు?" అని అడిగింది. చేయలేదమ్మా, అయింది అన్నాను. నీ షాపూ చీకటే, నా గదీ చీకటే కావడంతో వెనక ఏమీ పడలేదు. మనుషులు మాత్రం పడ్డారు. నువ్వు ఈ అంచున నిలబడి ఉన్నావు. నేను ఆ అంచున కూర్చుని ఉన్నాను. నా చార్టులో పై అక్షరం నీ ఏప్రన్ జేబు మీద పడింది. నీ సంచి ఒకటి నా కుర్చీ చేతికి తగిలించినట్టు వేలాడుతోంది. నువ్వు కిందికి, కెమెరాలోకి చూస్తున్నావు, కానీ చూసేవాళ్ళకి నా నెత్తి వైపు చూస్తున్నట్టుంటుంది. ఏదో అనబోతున్నట్టు. నేనేమో వినపడనట్టు కూర్చున్నాను.

మేడమ్ అడిగిన ఫొటో ఇదే కదా అక్కా. లేదని చెప్పాను ఆవిడకి.

నీ మిగతా మూడూ కూడా పెట్టాను. శుభ్రంగా ఉన్నాయి. పిల్లి మీసాలు లెక్కపెట్టొచ్చు. నా లెన్సుల ట్రే మసకగా వచ్చింది.

చిన్నోడు


జూలై 12

ఒరే చిన్నోడా,

‘ఒరే’ తిరిగి వచ్చింది, చూశావుగా.

నీ ఉత్తరం చదివి షాపు తలుపు దగ్గరికి వేసి కాసేపు కూర్చున్నాను. బయట ఎవరో "ఉన్నారా?" అని పిలిచారు. తర్వాత ఇంజనీరు కడుపులో గేదె గుర్తొచ్చి నవ్వాను. ఆపుకోలేకపోయాను. బయట ఉన్నావిడ ఆ నవ్వు విని భయపడి వెళ్ళిపోయింది, రేపు వస్తుందిలే. నాన్న మీద కోపం ఉంచుకుందామని చూశాను. కుదరలేదు. సంజాయిషీ మెమో అందుకున్న మనిషి మీద ఎంతసేపు కోపపడతాం?

అమ్మ ఫొటో ఇన్నాళ్ళూ పెట్టెలో, అందరి సర్టిఫికెట్ల కింద ఉంది. బయటికి తీశాను. చక్రం చువ్వల మధ్యలోంచి అమ్మ కన్ను ఒకటి బాగా కనిపిస్తోంది. నవ్వుతోంది అది. ఇంతకాలం చక్రమే చూశాను నేను.

కెమెరాని కాలేజీకి ఇచ్చెయ్. దాచుకుని ఏం చేస్తాం, పిల్లలు తెరిచి చూస్తేనే దానికి బాగుంటుంది. కానీ ఇవ్వబోయే ముందు ఈ కవరులో ఉన్న తోలుముక్కని తిప్పే పిడికి కట్టు. దాని మీద సూదితో అక్షరాలు పొడిచాను, చెరగవు:

‘కిటికీలో అంకె ఎన్నో ఫొటోనో చెబుతుంది. తీశారో లేదో చెప్పదు. ముందు వాడినవాళ్ళని అడగండి.’

నాలుగో ఫ్రేము కాపీ ఒకటి బీరువాలో పెట్టమను. ఇంకోటి ఇక్కడ నిలువుటద్దం పక్కన తగిలించాను. ఉదయం జిప్పు ఆవిడ వచ్చి చాలాసేపు చూసింది.

"పక్కన కూర్చున్నాయన ఎవరండీ?"

"మా తమ్ముడు."

"పోలికలున్నాయి. వచ్చాడా ఈమధ్య?"

"లేదు. ఆరేళ్ళయింది వాణ్ణి చూసి."

"మరి ఈ ఏప్రన్ మొన్ననే కుట్టుకున్నారు కదా! ఎక్కడ తీయించుకున్నారు?"

"నేను ఇక్కడ, వాడు వాళ్ళ ఊళ్ళో."

ఆవిడ నన్నూ ఫొటోనీ మార్చి మార్చి చూసి, జిప్పు సంగతి మరిచిపోయి సంచి వదిలేసి వెళ్ళిపోయింది. ఈ షాపులో పరధ్యానం మనిషి ఎవరో ఇప్పుడు తేలింది.

అక్క